కేబుల్ కార్‌లో గ్లేసియర్ (కొండమీది మంచునది) చూడటానికి ఇంటిల్లిపాదీ వెళ్తున్నారా? బయల్దేరే ముందే ఇవి చూసుకోండి

ఫ్రాన్స్‌లోని షమోనీ ఊరు సముద్రమట్టానికి 1,035 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ కేబుల్ కార్ ఎక్కి, మధ్యలో ఒకసారి క్యాబిన్ మారితే, దాదాపు ఇరవై నిమిషాల ప్రయాణంలో ఎగ్వీ దు మిది శిఖరం దగ్గర 3,777 మీటర్ల ఎత్తున దిగుతారు. స్విట్జర్లాండ్‌లో క్లైన్ మాటర్‌హార్న్ స్టేషన్ ఇంకొంచెం పైనే ఉంటుంది. నడిచి ఎక్కేవాళ్లు ఇంత ఎత్తును రోజుల తరబడి, మధ్యలో ఆగుతూ ఎక్కుతారు. కేబుల్ కార్ మన శరీరానికి ఆ వ్యవధి ఇవ్వదు. పైగా అక్కడ కాఫీ షాపు, లిఫ్టు, ఫొటోలకు అద్దాల గది అన్నీ ఉంటాయి కాబట్టి షాపింగ్ మాల్‌కు బయల్దేరినంత తేలిగ్గా బయల్దేరతాం. చిక్కంతా అక్కడే వస్తుంది.

3,800 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి బాగా పడిపోతుంది. సముద్రతీరంలో ఒక్క శ్వాసకు అందే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువే అక్కడ అందుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు గంటసేపు ఉండి దిగిపోతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ కుటుంబం అంటే అందరూ ఒకేలా ఉండరు కదా. అందుకే ప్లాన్ వేసేటప్పుడు ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని వెయ్యాలి.

ఎవరు ఆగిపోవాలి

ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, కొంచెం నడిస్తేనే ఛాతీ పట్టేసేవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు లేదా తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్లు, సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందుగా డాక్టర్‌ను అడగాలి. "కొండమీదికి వెళ్లొచ్చా?" అని మాత్రమే అడిగితే సరైన జవాబు రాదు. ఎన్ని మీటర్ల ఎత్తు, ఎన్ని నిమిషాల్లో ఎక్కుతారు, పైన ఎంతసేపు ఉంటారు, ఈ మూడూ చెప్పి అడగండి.

చాలామందికి తట్టని విషయం ఇంకొకటి ఉంది. రెటీనా ఆపరేషన్ చేసినప్పుడు కొందరికి కంటిలో గ్యాస్ బుడగ పెడతారు. ఎత్తుకు వెళ్తే బయటి ఒత్తిడి తగ్గి ఆ బుడగ ఉబ్బుతుంది, దానివల్ల చూపే పోవచ్చు. గ్యాస్ పూర్తిగా పోయిందని డాక్టర్ చెప్పేదాకా కేబుల్ కార్ మాట ఎత్తకండి. స్కూబా డైవింగ్ చేసినవాళ్లు కూడా కనీసం ఒక రోజు ఆగాకే ఎత్తుకు వెళ్లాలి.

పిల్లల సంగతి వేరు. ఎగ్వీ దు మిదికి మూడేళ్లలోపు పిల్లల్ని అనుమతించరు. ఒక్కో చోట ఒక్కో నిబంధన ఉంటుంది, టికెట్ కొనకముందే చూసుకోవాలి. జలుబుతో ముక్కు మూసుకుపోయిన పిల్లాడికి చెవినొప్పి నరకంలా ఉంటుంది, ఇంకో రోజుకు వాయిదా వేయడమే మంచిది. ఇక చంటిబిడ్డను వీపున క్యారియర్‌లో మోసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. నడిచే మీకు చెమట పడుతుంటుంది, కదలకుండా కూర్చున్న బిడ్డకు కాళ్లు చల్లబడిపోతుంటాయి. క్యారియర్ పట్టీలు తొడల దగ్గర బిగుసుకుంటే రక్తం సరిగ్గా ఆడదు, ఆ చలిలో అది ప్రమాదం. మాటిమాటికీ దింపి పాదాలు తడిమి చూడాలి.

అందరూ కలిసే పైదాకా వెళ్లాలన్న పంతం వద్దు. చాలా రోప్‌వేలకు మధ్యలో స్టేషన్ ఉంటుంది. షమోనీ దారిలో అది 2,317 మీటర్ల దగ్గర ఉంది. అమ్మమ్మ, చంటిబిడ్డ, వాళ్లకు తోడుగా ఒకరు అక్కడ ఆగి, మిగతావాళ్లు పైకి వెళ్లి రావచ్చు. కొండలు అక్కడి నుంచీ బాగానే కనిపిస్తాయి. "ఇంత దూరం వచ్చి ఇక్కడే ఆగిపోతావా?" అని ఎవరినీ పోరు పెట్టొద్దు.

వాతావరణం, బట్టలు

ఊళ్లో ఎండ కాస్తోందని బయల్దేరకండి. ఇలాంటి చోట్ల చాలావరకు పైన వెబ్‌క్యామ్ ఉంటుంది, ముందు అది చూడండి. మబ్బు పట్టి ఉంటే గ్లేసియర్ బదులు తెల్లటి గోడ కనిపిస్తుంది, డబ్బు దండగ. కింద ఆకు కదలకపోయినా పైన ఈదురుగాలి ఉంటే కేబుల్ కార్ ఆపేస్తారు. వేసవిలో మధ్యాహ్నానికి మబ్బులు పేరుకోవడం మామూలు, అందుకే పొద్దున్నే వెళ్లేవాళ్లకే ఎక్కువసార్లు కొండ కనిపిస్తుంది.

వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 25 డిగ్రీలుంటే 2,700 మీటర్లు పైకి వెళ్లాక 7 లేదా 8 డిగ్రీలన్నమాట. గాలి తోడైతే చలి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. ఒకే మందపాటి కోటు కంటే రెండు మూడు పొరలుగా వేసుకోవడం నయం. ఒంటికి తగిలే పొర కాటన్ కాకుండా చూసుకోండి, అది చెమటకు తడిస్తే ఆరదు. చేతి గ్లవ్స్, చెవులు కప్పే టోపీ, పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. హైహీల్స్, చెప్పులు వద్దు. చాలా చోట్ల మెట్లు, వంతెనలు ఇనుప జాలీవే ఉంటాయి.

"గంటలో వచ్చేస్తాం, ఇవన్నీ ఎందుకు?" అంటారా? 2016 సెప్టెంబర్ 8న ఎగ్వీ దు మిది నుంచి ఇటలీ వైపు గ్లేసియర్ మీదుగా వెళ్లే చిన్న క్యాబిన్ల కేబుళ్లు చిక్కుపడి, దాదాపు 110 మంది గాల్లోనే ఆగిపోయారు. హెలికాప్టర్లతో చాలామందిని దించారు, ముప్పై మందికి పైగా రాత్రంతా ఆ క్యాబిన్లలోనే గడిపారు. అలాంటివి అరుదు, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. కానీ స్వెటర్, నీళ్లు, తినడానికి ఏదైనా, రోజూ వేసుకునే మందులు కింద హోటల్ గదిలో కాకుండా మీ సంచిలో ఉండాలి. ఎక్కే ముందు అందరూ టాయిలెట్‌కు వెళ్లి రావాలి, ముఖ్యంగా "నాకు రావట్లేదు" అనే పిల్లలు.

చలిలో ఎండ సంగతి మర్చిపోతాం. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకు దాదాపు పది శాతం చొప్పున పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మన మీదికే కొడుతుంది. అంటే ఎండ కింది నుంచీ తగులుతుంది. కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర, చెవుల వెనక కూడా రాయాలి. నల్లకళ్లద్దాలు పిల్లలకూ కావాలి. బొమ్మల దుకాణంలో కొన్న రంగు అద్దాలు పనికిరావు, యూవీ కిరణాలను ఆపేవే కొనండి.

పైకి చేరాక

క్యాబిన్ తలుపు తెరవగానే మెట్ల మీదికి పరుగెత్తొద్దు. పది నిమిషాలు ఒకచోట కూర్చోండి, నీళ్లు తాగండి, తర్వాత నెమ్మదిగా నడవండి. మద్యం ముట్టకండి. కొంచెం ఆయాసం, తల తేలినట్టు ఉండటం అందరికీ ఉండేదే. వాంతి వచ్చేలా ఉన్నా, తలనొప్పి పెరుగుతున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా ఇక ఫొటోలు చాలు, దిగిపోవాలి. ఛాతీలో నొప్పి వస్తే ఒక్క క్షణం కూడా చూడొద్దు, వెంటనే సిబ్బందికి చెప్పాలి. పసిపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. ఊరికే చిరాకు పడతారు, లేదా ఎప్పుడూ లేనంత నిశ్శబ్దమైపోతారు. ఆ నిశ్శబ్దాన్ని బుద్ధిగా ఉన్నాడనుకోవద్దు.

దిగేవాళ్లను ఒంటరిగా పంపకండి. క్యూ పెద్దదిగా ఉంటే ఒంట్లో బాగాలేదని సిబ్బందికి చెప్పండి, మొహమాటం వద్దు. చేతి ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట ఇస్తుందేమో గానీ, దిగడానికి బదులు కాదు.

తాడు కట్టిన చోటు దాటొద్దు. గ్లేసియర్ మీద పగుళ్లను మంచు పల్చగా కప్పేసి ఉంటుంది, చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది. ఎగ్వీ దు మిదిలో మంచు సొరంగం గుండా బయటికి ఒక దారి ఉంది. బూట్లకు ఇనుప ముళ్లు కట్టుకుని, ఒకరికొకరు తాడు వేసుకున్న పర్వతారోహకులు దాన్లోంచి వెళ్తుంటారు. వాళ్లను చూసి ఫొటో కోసం వెనకాలే అడుగు వేయొద్దు. గ్లేసియర్ అంచు కింద నిలబడటమూ మంచిది కాదు. ఇటలీలో మార్మొలాడా గ్లేసియర్‌లో ఒక ముక్క 2022 జూలై 3న విరిగిపడి 11 మంది చనిపోయారు.

చలికి ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. లోపలి జేబులో పెట్టుకోండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, ఆఖరి క్యాబిన్ టైమ్ అందరికీ తెలియాలి.

దిగేటప్పుడు చెవులు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పెద్దవాళ్లు మింగుతూ ఆవలిస్తూ ఉంటే సరిపోతుంది. చంటిబిడ్డ నిద్రపోతుంటే లేపి పాలు పట్టండి. కళ్లద్దాలు పెట్టుకోనివాళ్లకు మంచు ఎండ దెబ్బ వెంటనే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అంటే రాత్రి పడుకునే వేళకు, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. కళ్లు నలపొద్దు, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయాలి, చీకటి గదిలో చల్లటి తడిగుడ్డ వేసుకుని పడుకోవాలి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, చూపు మసకబారినా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కిందికి వచ్చాక కూడా ఆయాసం అలాగే ఉంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.