పెన్న ఒడ్డున పాత ఇల్లు ఉంటే: కార్తీకానికి ముందే చూసుకోవాల్సినవి

మన నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. వాయుగుండం అనగానే అందరం సముద్రం వైపు చూస్తాం. సంగం, జొన్నవాడ, కోవూరు లాంటి పెన్న ఒడ్డు ఊళ్లకు మాత్రం ముప్పు పడమటి నుంచి వస్తుంది. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి రోజున, కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ పెన్నలో కలిసి సోమశిలకు చేరాయి. 78 టీఎంసీలు పట్టే ఆ జలాశయం అప్పటికే దాదాపు నిండి ఉంది. కిందికి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదలక తప్పలేదు. సోమశిలలో పాత శివాలయం దెబ్బతింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారికి గండి పడింది.

అందుకే మన వీధిలో చినుకు లేకపోయినా రాజంపేట, కడప వైపు వానల కబురు, సోమశిల నుంచి ఎంత వదులుతున్నారన్న అంకె రోజూ చూడండి. సంగం, నెల్లూరు బ్యారేజీలు వచ్చాయి కదా అని ధీమాగా ఉండొద్దు. అవి సాగునీటి కోసం కట్టినవి, అంత వరదను పట్టి ఆపలేవు. పొర్లుకట్ట (వరద ఊళ్లోకి రాకుండా ఏటి ఒడ్డున వేసిన మట్టికట్ట) మీద ఎలుక బొరియలు, ఇసుక బండ్లు తొక్కి దిగబడిన చోట్లు కనిపిస్తే ఇప్పుడే ఫొటో తీసి సచివాలయంలో అర్జీ ఇవ్వండి. నీళ్లొచ్చాక ఇసుక బస్తాలు మోసే కంటే ఇది తేలిక.

2021లో మీ గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో గుర్తుంటే అక్కడ పెయింటుతో గీత గీయండి. బియ్యం, గ్యాస్ సిలిండరు, ఇన్వర్టరు, మోటారు స్టార్టరు ఆ గీతకు పైనే ఉండాలి.

పాత ఇళ్ల సంగతి కాస్త వేరు. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడ నీటిలో నిలబడగలదేమో కానీ, తడిసి బరువెక్కాక కూలుతుంది. అదీ తరచుగా వరద తగ్గి ఎండ కాసిన రోజునే. ఇప్పుడే దూలాల చివర్లు గోడలో దూరే చోట గుచ్చి చూడండి, మెత్తగా దిగితే చెద పట్టినట్టే. మిద్దె మీద మొలిచిన రావి మొక్కను పైపైన విరిచేయొద్దు, వేరుతో తీయించండి. పగుళ్లకు సిమెంటు పూయడం అందరూ చేసే పనే, నాకు మాత్రం అది నచ్చదు. సిమెంటు పొర లోపలి తడిని బయటికి పోనివ్వదు. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకండి, దొరకడం కష్టమే.

చేనేత ఊరు పాటూరు వైపు గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసే మగ్గం) ఉన్నవాళ్లకు ఇంకో తిప్పలుంది. వరద రాకపోయినా ఊట నీరు గుంటలోకి వస్తుంది. వానల హెచ్చరిక రాగానే కొత్త పడుగు ఎక్కించకండి. నేస్తున్న చీరను వీలైనంత వరకు కోసి తీసేసి, జరీ, పట్టు నూలు గాలి తగలని డబ్బాల్లో అటక మీద పెట్టండి. మగ్గం పైనుండే జాకార్డు పెట్టె (చీర మీద డిజైను వేసేది), దాని అట్టలు విప్పి పైకెక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి, వాళ్లను ముందే మాట్లాడుకోండి. వరద తీశాక గుంటలో నీళ్లు ఒక్కసారిగా మోటారుతో తోడొద్దు. చుట్టూ నేల ఇంకా తడిగా ఉంటే గుంట గోడలు లోపలికి ఒరుగుతాయి. రోజుకు కొంత తోడాలి.

దస్తావేజులు, పాస్‌బుక్కులు, ఆధార్ ఫోన్‌లో ఫొటో తీసి, అసలువి ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి పెట్టుకోండి. పాత పెళ్లి ఫొటోలు తడిసి అతుక్కుంటే లాగి విడదీయొద్దు. శుభ్రమైన నీటిలో నెమ్మదిగా విడదీసి నీడలో ఆరబెట్టండి. తాటాకు ప్రతులున్నా ఎండలో పెట్టకూడదు.

ఖాళీ చేయమన్నప్పుడు కరెంటు మెయిన్ ఆపేసి, గొడ్ల పలుపులు విప్పి వెళ్లిపోండి. సాయానికి 112 లేదా 1070. తిరిగొచ్చాక గోడలు బయటి నుంచి చూశాకే లోపలికి అడుగు పెట్టండి, కర్రతో మూలలు తట్టండి, పాములు చేరి ఉంటాయి. బురద కడగడానికి తొందరపడకండి. గోడ మీద నీటి గుర్తు, పాడైన మగ్గం, తడిసిన నూలు ముందు ఫొటోలు తీయండి, నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లు అడిగేది అదే.