పాత 6×6 కెమెరా మొరాయిస్తే: ముందు నెగెటివ్‌ని చదవండి

చదరపు బొమ్మలు తీసే పాత 6×6 కెమెరా (నెగెటివ్ సుమారు ఆరు సెంటీమీటర్ల చదరం) చేతికొచ్చి, మొదటి రీలు కడిగించాక బొమ్మలు సరిగ్గా రాకపోతే చాలామంది వెంటనే స్క్రూడ్రైవర్ తీస్తారు. దయచేసి తీయకండి. ఇరవై ఏళ్లుగా ఈ కెమెరాలు వాడుతున్నాను, పోగుచేస్తున్నాను. నా చేతికి వచ్చిన లోపాల్లో ఎక్కువ భాగం విరిగిన భాగాల వల్ల వచ్చినవి కావు. ఎండిపోయిన గ్రీజు, వదులుగా చుట్టుకున్న రీలు, మురిగిన స్పాంజి, తప్పు వరసలో తిప్పిన మీటలు, వీటివల్ల వచ్చినవే. లోపం ఎక్కడుందో నెగెటివ్ దాదాపు ఎప్పుడూ చెబుతుంది. అందుకే ప్రింటో స్కానో కాకుండా అసలు నెగెటివ్‌నే, కోయకుండా, పూర్తి పట్టీగా దగ్గర పెట్టుకోండి.

రీలంతా ఖాళీగా, పారదర్శకంగా వచ్చింది

ముందు అంచుల్లో కంపెనీ పేరు, అంకెలు కనిపిస్తున్నాయేమో చూడండి. అవి కూడా లేవంటే తప్పు కడగడంలో జరిగింది. డెవలపర్ చచ్చిపోయి ఉండాలి, లేదా ముందే ఫిక్సర్ పోసి ఉండాలి. కెమెరాని అనుమానించకండి. అంకెలు ఉండి బొమ్మలు లేవంటే రీలు మీద వెలుతురు పడలేదన్నమాట.

అప్పుడు వెనక తలుపు తెరిచి, రీలు లేకుండా షట్టర్ నొక్కి రెక్కలు తెరుచుకుంటున్నాయేమో లోపలినుంచి చూడండి. శబ్దాన్ని నమ్మొద్దు. రెక్కలు జిడ్డుకి అతుక్కుపోయినా 'టక్' మంటుంది.

రెక్కలు బాగానే ఉంటే, 1937లో వచ్చిన రోలీఫ్లెక్స్ ఆటోమాట్, దాని తర్వాత వచ్చిన చాలా రోలీఫ్లెక్స్‌లలో ఇంకో కారణం ఉంటుంది. ఈ కెమెరాల రీలు వెనక ఒక కాగితం ఉంటుంది. వీటిలో ఆ కాగితం మీది బాణాన్ని కెమెరా గుర్తుకి కలిపే పని లేదు. కాగితానికి అంటించిన రీలు మొదలయ్యే చోట మందం పెరుగుతుంది. ఆ తేడాని రెండు చిన్న రోలర్లు పసిగట్టి, లెక్కని ఒకటి దగ్గర మొదలుపెడతాయి. కాగితాన్ని ఆ రోలర్ల మధ్యనుంచి కాకుండా పైనుంచి లాగేస్తే లెక్క మొదలే కాదు. క్రాంకు అలా తిరుగుతూనే ఉంటుంది, రీలు మొత్తం అవతలికి వెళ్లిపోతుంది. నా మొదటి రీలు ఇలాగే పోయింది. అప్పటినుంచి పాడైన రీలు ఒకటి కాగితంతో సహా దాచుకుని, కొత్తగా వచ్చిన ప్రతి కెమెరాలో ముందు దాన్నే ఎక్కించి చూస్తాను. ఈ అలవాటు మీరూ చేసుకోండి.

ఫ్రేములు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి, లేదా మధ్య ఖాళీ సమానంగా లేదు

వెనక ఎర్ర కిటికీ (కాగితం మీది అంకెలు చూసే రంధ్రం) ఉన్న కెమెరా అయితే తప్పు వరస అంకెలు చూసి తిప్పారేమో. 120 రీలు కాగితం మీద మూడు వరసలుంటాయి: 6×9కి 8, 6×6కి 12, 6×4.5కి 16. చదరపు బొమ్మకి కావలసింది మధ్య వరస.

రోలీకార్డ్, యాషికా‌మాట్ లాంటివాటిలో కాగితం మీది బాణాన్ని కెమెరా గుర్తుకి సరిగ్గా కలపకపోతే మొదటి ఫ్రేమో చివరి ఫ్రేమో తెగిపోతుంది. మిగతా ఖాళీలన్నీ సమానంగానే ఉంటాయి. ఖాళీలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటే మాత్రం రీలు జారుతోందని అర్థం.

ఈ జబ్బుకి పేరుపడ్డది పెంటకాన్ సిక్స్. రీలు ఎంత కదిలిందో దానికి ఒక రోలరే చెబుతుంది. రీలు బిగువుగా లేకపోతే ఆ రోలర్ మీద జారి, ఫ్రేములు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ఎక్కించేటప్పుడు కొత్త రీలున్న స్పూలుని బొటనవేలితో అదిమి పట్టి, కాగితాన్ని బిగువుగా ఉంచి తిప్పండి. ప్రతిసారీ లివర్‌ని చివరిదాకా లాగండి. వెనక్కి వచ్చేటప్పుడు ఎగిరి కొట్టుకోకుండా చేత్తో పట్టి మెల్లగా వదలండి. మరమ్మతుకి పంపాలనుకున్న పెంటకాన్‌లు ఈ రెండు జాగ్రత్తలతోనే దారికి రావడం చూశాను.

హాసెల్‌బ్లాడ్ ఏ12 బ్యాకుల్లో (రీలు ఉండే, కెమెరా వెనక తగిలించే పెట్టెలు) లోపలి చట్రం మీదా, బయటి పెట్టె మీదా అంకెలు చూడండి. చట్రం మీది మూడంకెలు పెట్టె నంబరులోని చివరి మూడంకెలతో కలవాలి. ఎవరో రెండు బ్యాకుల చట్రాలు తారుమారు చేసి ఉంటే ఖాళీలు తేడా రావచ్చు. సేకరణ విలువ కూడా తగ్గుతుంది.

నెగెటివ్ మీద నల్లని మరకలు (ప్రింటులో తెల్లగా)

ఇక్కడ కాస్త ఆగాలి. లైటు లీకుని వెతకడంలో జరిగినంత వృథా శ్రమ ఇంకెక్కడా జరగదు. సందు కనిపించిన ప్రతిచోటా నల్ల టేపు అంటించి, లీకు మాత్రం అలాగే ఉండిపోయిన కెమెరాలు ఎన్నో నా దగ్గరికొచ్చాయి.

రీలు వెడల్పు సుమారు 61 మిల్లీమీటర్లు, బొమ్మ సుమారు 56. రెండు పక్కలా మిగిలే రెండున్నర మిల్లీమీటర్ల అంచు పట్టీయే ఇక్కడ సాక్షి. మరక బొమ్మ దాటి ఆ పట్టీలోకి పాకిందా, లేక బొమ్మ గీత దగ్గరే కత్తిరించినట్టు ఆగిపోయిందా? గీత దగ్గర ఆగితే వెలుతురు లెన్స్ వైపునుంచి, అంటే ఫ్రేము కిటికీ గుండా వచ్చింది. అంచులోకి పాకితే వెనక తలుపు వైపునుంచో, చుట్ట మీదనో పడింది.

తర్వాత నెగెటివ్‌ని అదే కెమెరా కిటికీ మీద ఆనించండి. బొమ్మ తలకిందులుగా ఉండాలి, మెరుపు తక్కువున్న ముఖం లెన్స్‌కేసి ఉండాలి. వెనకనుంచి వచ్చిన లీకైతే మరకకి దగ్గర్లోనే దాని దారి దొరుకుతుంది.

మరక బొమ్మలోనే ఆగితే, మడత కెమెరాల్లో మొదట లెన్స్‌కీ పెట్టెకీ మధ్య మడతల తొడుగైన బెలోస్‌ని అనుమానించాలి. చీకటి గదిలో టార్చిని లోపల పెట్టి బెలోస్‌ని అటూ ఇటూ వంచుతూ చూడండి. మడతల మూలల్లో సూదిమొన రంధ్రాలు నక్షత్రాల్లా మెరుస్తాయి. అగ్ఫా ఐసొలెట్ బెలోస్ ఈ విషయంలో చాలా బలహీనం. ఒకటి రెండు రంధ్రాలైతే మెత్తని నల్ల రబ్బరు రంగు పూసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ప్రతి మూలా మెరుస్తుంటే కొత్త బెలోస్ వేయించడమే మార్గం. ఈ లీకు అన్ని ఫ్రేముల్లో ఒకేలా ఉండదు, ఎండలో కెమెరా ఎంతసేపు తెరిచి ఉంచితే అంత ముదురుతుంది. ఆ హెచ్చుతగ్గులే దాన్ని పట్టిస్తాయి.

అంచుల నుంచి ఈకల్లా లోపలికి పాకితే చుట్ట వదులుగా పడిందని గుర్తు. నీడలో ఎక్కించండి, నీడలో దించండి, దించగానే బిగించి అంటించండి. చుట్ట ఇంకా ఉబ్బెత్తుగానే వస్తుంటే రీలు వదిలే స్పూలుని అదిమే స్ప్రింగు పట్టీ వంగి ఉందేమో చూడండి.

ఎప్పుడూ ఒకే చోట, అంచు దాటి మరక వస్తుంటే తలుపు. యాషికా‌మాట్ 124జి వంటివాటిలో తలుపు చుట్టూ వేసిన స్పాంజి ఇప్పటికి తారులా జిగురెక్కి ఉంటుంది. చెక్కపుల్లకి ఆల్కహాల్ అద్ది గీకేసి కొత్తది అంటించండి. లోహపు గీరుడు పుల్ల వాడొద్దు, కింద రంగు లేచిపోతుంది.

గుండ్రని మరక అయితే ఎర్ర కిటికీ. ఆ కిటికీ పెట్టిన రోజుల్లో రీళ్లకి ఎరుపు కనిపించేది కాదు, ఇప్పటి రీళ్లకి కనిపిస్తుంది. పైన నల్ల టేపు మూతలా అతికించి, తిప్పే క్షణంలో మాత్రమే, అదీ నీడలో, ఎత్తండి.

మరకకి బదులు ఆకాశంలో అంకెలో, చుక్కలో అచ్చు పడి కనిపిస్తే అది లీకు కాదు. వేడికీ తేమకీ కాగితం మీది సిరా రీలుని తాకిన గుర్తు. రీళ్లని చల్లగా ఉంచి, వాడేముందు గది వేడికి రానిచ్చి, తీసిన వెంటనే కడిగించండి.

హాసెల్‌బ్లాడ్‌లో ఒక పక్క అంచునుంచే పొగలా కమ్మితే డార్క్ స్లైడ్ (బ్యాకులోని రీలుకి వెలుతురు తగలకుండా అడ్డుపెట్టే పలక) దూరే సందులోని పొర అరిగిపోయింది. ఆ పొర విడిగా దొరుకుతుంది, మార్చడం తేలికే. స్లైడుని మూలనుంచి ఏటవాలుగా గుచ్చకుండా తిన్నగా దూర్చడం నేర్చుకుంటే కొత్త పొర చాలాకాలం ఉంటుంది.

స్లో స్పీడులు మధ్యలో ఆగిపోతున్నాయి

ఒక సెకను పెట్టి నొక్కితే 'జ్‌ర్ర్' అంటూ మొదలై సగంలో నిలిచిపోతుంది. స్లో స్పీడులకి చిన్న పళ్లచక్రాల వరస ఉంటుంది, అందులో నూనె గడ్డకట్టింది. కెమెరాని కాసేపు అరచేతుల్లో వెచ్చబరిచి మళ్లీ నొక్కండి. మెరుగుపడితే కారణం నూనేనని తేలినట్టే.

ముప్పై నలభై సార్లు ఆడిస్తే కొన్ని తేరుకుంటాయి. తేరుకోకపోతే షట్టర్ ముందుభాగం విప్పి ఆ చక్రాలని శుభ్రం చేయించాలి. ముందునుంచి లైటర్ ద్రవం చుక్కలు వేసే పద్ధతి వద్దు. కరిగిన నూనె పాకి రెక్కల మీదకి చేరుతుంది. లీఫ్ షట్టర్ రెక్కలు ఎప్పుడూ పొడిగా ఉండాలి.

స్పీడు కొలవడానికి ఫోన్ స్లో మోషన్ చాలు. సెకనుకి 240 ఫ్రేముల్లో 1/30 పెడితే షట్టర్ తెరిచి ఉన్న ఫ్రేములు ఎనిమిది దాకా రావాలి. పదహారు వస్తే అది 1/15 ఇస్తోంది. 1/125 దాటితే ఈ కొలతని నమ్మకండి.

రెండు హెచ్చరికలు. కంపర్-ర్యాపిడ్‌లో 1/500 కావాలంటే షట్టర్ ఎక్కించకముందే (స్ప్రింగు బిగించకముందే) పెట్టుకోవాలి. దానికి ఇంకో బలమైన స్ప్రింగు ఉంది, ఎక్కించాక బలవంతంగా తిప్పితే దెబ్బతింటుంది. పాత సెల్ఫ్ టైమర్‌ని అసలు ముట్టుకోకండి. అది మధ్యలో ఇరుక్కుంటే మొత్తం షట్టరే ఆగిపోతుంది.

పై అద్దంలో స్పష్టంగా ఉంది, రీలు మీద మసకగా వచ్చింది

రెండు లెన్స్‌ల కెమెరాల్లో చూసే లెన్స్ వేరు, తీసే లెన్స్ వేరు. ఆ రెండూ కలవకపోతే ఇలా అవుతుంది. మొదట గ్రౌండ్ గ్లాస్ (పైనుంచి బొమ్మ చూసే గరుకు గాజు) తీసి చూడండి. గరుకు ముఖం కిందికి, అద్దం వైపు ఉండాలి. ఎవరైనా తుడవడానికి తీసి తలకిందులుగా పెట్టి ఉంటే అంతా తేడా వస్తుంది. అక్కడిదాకా వెళ్లినప్పుడు కింది అద్దాన్ని గుడ్డతో తుడవకండి. దాని పూత పైముఖానే ఉంటుంది, గాలి ఊదడమే మంచిది.

అది సరిగ్గానే ఉంటే కెమెరాని స్టాండు మీద బిగించి, తలుపు తెరిచి, ఫ్రేము కిటికీ మీద రీలు ఉండే తలంలో గరుకు గాజు ముక్క పెట్టండి. షట్టర్‌ని బి మీద (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే స్థానం) తెరిచి ఉంచి, దూరాన ఉన్న స్తంభాన్ని భూతద్దంతో చూడండి. పైనా కిందా ఒకేసారి స్పష్టం కావాలి. లుబిటెల్‌లో రెండు లెన్స్‌ల చుట్టూ పళ్లుంటాయి. అవి ఒక పన్ను జారినా ఇదే జబ్బు. విప్పేముందు గుర్తు గీసుకోండి.

అప్పుడప్పుడూ ఒక్క ఫ్రేమే మసకబారితే లెన్స్‌ని వదిలేయండి. రోలీఫ్లెక్స్‌లో రీలు కిందినుంచి పైకి, ఒక మూల దగ్గర వంగి వెళ్తుంది. వారం రోజులు అలాగే ఉంచితే ఆ వంపు తర్వాతి ఫ్రేములోకి వస్తుంది. తీసే ముందే తిప్పుకోండి. మినోల్టా ఆటోకార్డ్‌లో రీలు పైనుంచి కిందికి నడుస్తుంది కాబట్టి ఈ బెడద లేదు.

బొమ్మలు వెలిసినట్టు, నలుపు లేకుండా వచ్చాయి

షట్టర్ బి మీద తెరిచి వెనకనుంచి టార్చి వేయండి. పొగమంచులా సమానంగా కమ్మి ఉంటే ఆవిరైన గ్రీజు. చాలావరకు శుభ్రమవుతుంది. దారాల్లా, సాలెగూడులా ఉంటే బూజు. తొందరగా పట్టుకుంటే పోతుంది, ఆలస్యమైతే గాజు మీద మచ్చ మిగుల్తుంది. అంచున ఇంద్రధనుస్సులా వంపు కనిపిస్తే రెండు గాజులని అతికించిన జిగురు విడిపోతోంది. కొద్దిగా ఉంటే బొమ్మకి నష్టం లేదు, కానీ కొనేముందు చూసుకోవాలి.

రోలీఫ్లెక్స్‌లో ముందు గాజు విప్పి తుడిచి మళ్లీ చివరిదాకా బిగించవచ్చు. ఐకాంటా, ఐసొలెట్‌లలో ముందు గాజే ఫోకస్ మర. ఎన్ని చుట్లో లెక్కపెట్టకుండా విప్పితే దూరాల కొలత పోతుంది.

తోలు సంచిలో కెమెరాని దాచకండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది, బూజుకి అదే మొదలు. మూత బిగుసుకునే డబ్బా, సిలికా జెల్ చాలు. గాజులన్నీ శుభ్రంగానే ఉండి, పూతలేని యుద్ధానికి ముందరి లెన్స్ అయితే, నీడపట్టే హుడ్ తగిలించండి. తేడా మీకే తెలుస్తుంది.

ఫోకస్ లివర్ బిగుసుకుంది

లాగకండి. ఆటోకార్డ్ లివర్ పెళుసు లోహం, గ్రీజు ఎండినప్పుడు బలం చేస్తే పుటుక్కున విరుగుతుంది. విరిగిన లివర్ దొరకడం కష్టం. పాత గ్రీజు తీయించి కొత్తది పెట్టించేదాకా ఆగండి.

హాసెల్‌బ్లాడ్ 500 సిరీస్‌లో లెన్స్ ఊడడం లేదు, షట్టర్ పడడం లేదు

డార్క్ స్లైడ్ లోపలే ఉందా? ఉంటే తీయండి, చాలాసార్లు అంతే. అది కాకపోతే బాడీ ఒక స్థితిలో, లెన్స్ ఇంకో స్థితిలో ఉన్నాయి. బాడీకీ లెన్స్‌కీ మధ్య ట్యూబులు తగిలించి తీసినప్పుడు ఎక్కువగా జరుగుతుంది. బ్యాకు తీసేసి, వెనక రెక్కల మధ్యనుంచి సన్నని పొడుగాటి స్క్రూడ్రైవర్‌ని లెన్స్ మౌంటు దగ్గరున్న గాటులో పెట్టి, గడియారం తిరిగే దిక్కున, ఆగేదాకా మెల్లగా తిప్పండి. అద్దానికి తగలకుండా చూసుకోండి. ఇకమీదట బాడీ తిప్పి ఉండగానే, లెన్స్ షట్టర్ ఎక్కించి ఉండగానే కలపాలి, విడదీయాలి.

ఈ కెమెరా కొనేటప్పుడు నంబరు ముందుండే రెండక్షరాలు సంవత్సరం చెబుతాయి. 'వీహెచ్ పిక్చర్స్' అని ఇంగ్లీషులో రాస్తే వచ్చే పదక్షరాలు వరసగా 1 నుంచి 9, ఆపైన 0. టీ, పీ అని ఉంటే 63, యూ, వీ అని ఉంటే 71. బాడీ, బ్యాకు సంవత్సరాలు దగ్గరగా ఉంటే అవి తొలినుంచీ జతగా ఉన్నాయనుకోవచ్చు.

మీటరు చెప్పినట్టు తీస్తే బొమ్మలు పలచగా వస్తున్నాయి

యాషికామాట్ 124జి మీటరుకి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి, అది ఇప్పుడు తయారు కావడం లేదు. 1.5 వోల్టులది వేస్తే వెలుతురు ఎక్కువుందని మీటరు పొరబడుతుంది, మీరు తక్కువ వెలుతురు ఇస్తారు. వినికిడి యంత్రాల 675 జింక్ ఎయిర్ బ్యాటరీ 1.4 దగ్గరుంటుంది, చిన్న రింగుతో సర్దుకుంటుంది. సెలీనియం మీటర్లకి బ్యాటరీ ఉండదు. సూది కదలకపోతే ఆ గాజు ఇక అలంకారమే. ఎండలో 100 ఐఎస్‌ఓ రీలుకి ఎఫ్/16, 1/125తో మొదలుపెట్టి మీ కళ్లని నమ్మండి.

రీలు స్పూలు లోపల పట్టడం లేదు

కెమెరా 620ది. 1930ల మొదట్లో కోడాక్ తెచ్చిన ఆ కొలతలో రీలు 120 రీలే, స్పూలు మాత్రం సన్నం. 620 రీలు 1995లో ఆగిపోయింది. పాత 620 స్పూళ్లు రెండు సంపాదించి, పూర్తి చీకటిలో 120 రీలుని దానిమీదకి చుట్టుకోవాలి. పాడైన రీలుతో వెలుతుర్లో నాలుగైదుసార్లు సాధన చేశాకే చీకట్లో చేయండి. రీలు కాగితానికి అంటించిన టేపు దగ్గర ఉబ్బెత్తు వస్తుంది, అక్కడ టేపు ఊడదీసి చదునుగా మళ్లీ అతికించాలి.