బరువు పెరిగిన యువతలో షుగర్ ముప్పును ముందే గుర్తించడం ఎలా?

చదువు ముగించి, కూర్చుని చేసే ఉద్యోగంలో చేరిన రెండు మూడేళ్లలో ఎనిమిది, పది కిలోలు పెరిగినవారు సాధారణంగా దాహం, అతిమూత్రం వంటి లక్షణాలేవీ లేవు కదా అని ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు. పొట్ట లోపలి అవయవాల చుట్టూ, కాలేయంలోనూ కొవ్వు చేరినప్పుడు, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. ఆ లోటును పూడ్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తూ కొన్నేళ్లపాటు నెట్టుకొస్తుంది కనుక, ముప్పు పెరుగుతున్నా మనిషికి ఏమీ తెలియదు.

అందుచేత ముందుగా నడుము కొలుచుకోవాలి. ప్యాంటు సైజును నమ్మకూడదు, ఎందుకంటే పొట్ట పెరిగినవారు బెల్టును దాని కిందికి దించి కట్టుకుంటారు. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపును ఒంటికి ఆనించి, పొట్టను లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత కొలత చూడాలి. దక్షిణాసియా మూలాలున్న పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. నడుము కొలత ఎత్తులో సగానికి మించినా జాగ్రత్తపడాలి.

తరువాత అద్దంలో మెడ వెనుక భాగాన్ని, చంకలను చూసుకోవాలి. అక్కడి చర్మం నల్లబడి, దళసరిగా, ముఖమల్ గుడ్డలా తగులుతుంటే, ఎంత రుద్దినా పోకపోతుంటే, అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉందనడానికి అది తరచుగా కనిపించే గుర్తు. దానిని మురికి అనుకుని, పిల్లలు శుభ్రంగా ఉండరని పెద్దలు మందలించడం నిజంగా బాధాకరం. ఆ మాటకు సిగ్గుపడి మెడ కప్పుకునేవారు డాక్టరుకు చూపించడానికి కూడా వెనుకాడతారు.

తల్లిదండ్రులలో గానీ తోబుట్టువులలో గానీ షుగర్ ఉన్నా, గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చినా, పీసీఓఎస్ (స్త్రీలలో హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) లేదా అధిక రక్తపోటు ఉన్నా ముప్పు ఎక్కువ. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువును, షుగర్‌ను పెంచగలవు; అయితే వాటిని సొంతంగా ఆపకుండా, రాసిన డాక్టరుతో మాట్లాడాలి.

ఈ గుర్తులేవీ రోగనిర్ధారణ కావు, రక్తపరీక్షే తేల్చాలి. కనీసం ఎనిమిది గంటలు నీరు తప్ప మరేమీ తీసుకోకుండా పరగడుపున ఇచ్చిన రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 100 నుంచి 125 మిల్లీగ్రాములుంటే ముందస్తు మధుమేహమనీ, 126 లేదా అంతకు మించితే మధుమేహమనీ సాధారణంగా పరిగణిస్తారు. సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 నుంచి 6.4 శాతం మొదటిదానికి, 6.5 శాతం, ఆ పైన రెండోదానికి సూచన. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. లక్షణాలు లేనప్పుడు ఒక్క ఫలితంతో నిర్ధారించరు, మరో పరీక్షతో ధ్రువపరుస్తారు. ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే మీటరు ఇందుకు సరిపోదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. పెరిగిన బరువు ప్రయత్నమేమీ లేకుండానే తగ్గిపోతూ, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం వస్తుంటే సంతోషించకుండా అదే రోజు డాక్టరును కలవాలి; యువతలో టైప్ 1 మధుమేహం, అంటే క్లోమం ఇన్సులిన్‌ను దాదాపు తయారుచేయలేని రకం, ఇలా బయటపడవచ్చు. వీటికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత తోడైతే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

ఫలితం ముందస్తు దశలో ఉంటే చేయగలిగింది చాలా ఉంది. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుకైన నడక వంటి వ్యాయామం చేయడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో, సుమారు మూడేళ్ల కాలంలో, మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. 80 కిలోలున్నవారికి ఆ 7 శాతమంటే ఆరు కిలోల లోపే. ఈ దశలో ఉన్నవారు ఏడాదికోసారి, ఫలితం మామూలుగా వచ్చినా ముప్పున్నవారు కనీసం మూడేళ్లకోసారి, బరువు మళ్లీ పెరిగితే అంతకన్నా ముందే, పరీక్ష చేయించుకోవాలి.