పాత ఆంప్లిఫయర్ కొనే ముందు చూడవలసినవి

1970లలో జపాన్‌లో తయారైన స్టీరియో ఆంప్లిఫయర్లు, మంచి స్థితిలో ఉంటే, వినసొంపులో నేటి మధ్యశ్రేణి పరికరాలకు ఏమాత్రం తీసిపోవు. అయితే వాటిలో విద్యుత్తును నిల్వచేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి కనుక, పైమెరుగు చూసి మోసపోకుండా కొనేముందే పరీక్షించుకోవాలి.

ముందుగా వెనుక పలకపై వోల్టేజి చదవండి. జపాన్‌లో వాడకానికే చేసిన సెట్టు 100 వోల్టులది. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. తరువాత స్పీకర్లు తగిలించకుండానే ఆన్ చేసి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, కొన్ని నిమిషాలు వేడెక్కనిచ్చాక, ఒక్కో ఛానెల్ స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజిని మల్టీమీటరుతో కొలవండి. ట్రాన్సిస్టర్ సెట్టులో అది 50 మిల్లీవోల్టుల లోపుంటే సాధారణంగా భయం లేదు. ఏకంగా వోల్టుల్లో కనిపిస్తే మాత్రం స్పీకరు కాయిల్ కాలిపోయే ప్రమాదం ఉన్నందున, మరమ్మతు చేయించకుండా దాన్ని వాడకూడదు. నాబు తిప్పినప్పుడు వచ్చే గరగరకు వెనుకాడనక్కరలేదు, కాంటాక్ట్ క్లీనర్‌తో అది చాలావరకు పోతుంది.

పాత స్పీకర్ల విషయంలో నేను ఇంత ఉదారంగా ఉండలేను: కోను అంచునున్న ఫోమ్ వేలు తగలగానే పొడిగా రాలితే, దాన్ని మార్పించే ఖర్చు ధరలో తగ్గించి తీరాలి.

డిజిటల్ సంకేతాన్ని ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే అనలాగ్ సంకేతంగా మార్చే డీఏసీని కొత్తదే కొనండి, ఎందుకంటే ఆ రంగంలో నేటి చవక పరికరం కూడా పాతవాటిని మించుతుంది. దాన్ని రికార్డు ప్లేయరుకు ఉద్దేశించిన ఫోనో ఇన్‌పుట్‌కు కాకుండా ఇతర పరికరాల కోసం ఉండే ఆక్స్ (AUX) ఇన్‌పుట్‌కే కలపండి.