4కె సినిమా ఆగి ఆగి ఆడుతోందా? సమస్య - పరిష్కారం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కొత్తగా 4కె టీవీ పెట్టిన ఇంట్లో బొమ్మ సరిగా రాకపోతే ముందు అనుమానం టీవీ మీదికే పోతుంది. ఒక్క పరీక్ష చేశాక నిర్ణయించండి. ఆగుతున్న ఫైలునే పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి పెట్టండి. బాగా ఆడితే లోపం నెట్‌వర్కులోనో, టీవీకి తగిలించిన బాక్సులోనో, వైరులోనో ఉన్నట్టు. పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు ఎక్కనంటే ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాటులో ఉంది. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి.

సమస్య: ల్యాప్‌టాప్‌లోని సినిమా టీవీలో బాగానే మొదలై, వాన, పోరాటం వచ్చే చోట ఆగిపోతుంది.

కారణం: అలాంటి సీన్లలో డేటా ఒక్కసారిగా పెరుగుతుంది. 4కె బ్లూరేలో సెకనుకు 128 మెగాబిట్ల దాకా పోవచ్చు. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే, అందులో చేతికొచ్చేది 94 చిల్లర. ల్యాప్‌టాప్, టీవీ రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, వేగం సగానికి పడుతుంది.

పరిష్కారం: ల్యాప్‌టాప్‌ని వైరుతో రూటరుకి కలపండి, టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంచండి. వైరు వేసినా 100 దాటకపోతే ఆ వైరు చివరి ప్లగ్గుని వెలుతురులో పట్టుకుని చూడండి: లోపల 8 రంగుల తీగలు కనబడాలి. 4 మాత్రమే బిగించి వదిలేస్తే గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) వేగం రాదు. క్యాట్5ఈ వైరుకి 8 తీగలూ బిగిస్తే చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

సమస్య: బొమ్మ మధ్యమధ్యలో రెండు సెకన్లు నల్లబడుతుంది, లేదా రంగులు వెలిసినట్టుంటాయి.

బాక్సుని 4కె 30 హెర్ట్జ్‌కి (సెకనుకు 30 ఫ్రేములకి) తగ్గించి చూడండి. నల్లబడటం ఆగితే తప్పు దాదాపుగా హెచ్‌డీఎంఐ కేబుల్‌దే. 4కె 60కి సెకనుకు 18 గిగాబిట్లు మోసే వైరు కావాలి, పాతవి 10.2 దగ్గరే ఆగుతాయి. ‘ప్రీమియం హై స్పీడ్’ ముద్ర ఉన్నది, 3 మీటర్ల లోపు కొనండి. వెలిసిన రంగులకి కారణం వేరు. చాలా టీవీల్లో ఎక్కువ రంగులు చూపించే సెట్టింగుని ఏ హెచ్‌డీఎంఐ పోర్టుకి ఆ పోర్టు విడిగా ఆన్ చెయ్యాలి: శామ్‌సంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్’, సోనీలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’.

సమస్య: కెమెరా పక్కకి తిరిగినప్పుడు బొమ్మ కుదుపుతుంది.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60. ఒక ఫ్రేము 2 సార్లు, పక్కది 3 సార్లు చూపిస్తే కన్ను పట్టేస్తుంది. చివర్లో పేర్లు పైకి పాకేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. కోడీ అనే ప్లేయర్ యాప్ సెట్టింగ్స్‌లో ప్లేయర్, వీడియోస్ కింద ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’ని ‘ఆన్ స్టార్ట్/స్టాప్’ చెయ్యండి. ఫైర్ స్టిక్‌లో ‘మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్’.

బొమ్మ ఉండి శబ్దం లేకపోతే ట్రాక్ డీటీఎస్ అనే ఆడియో ఫార్మాటులో అయి ఉంటుంది. చాలా టీవీలు దాన్ని చదవవు. బాక్సులో పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండా టీవీకి పంపడం) తీసేసి పీసీఎం (బాక్సే విప్పి పంపడం) పెట్టండి.

సమస్య: తెలుగు ట్రాక్ ఉన్నా ప్రతిసారీ హిందీలోనే మొదలవుతుంది.

తెలుగు, ఒడియా, హిందీ కలిసి నడిచే మన ఇళ్ళలో ఇది రోజూ విసిగించేదే. ముందు ప్లేయర్‌లో ఇష్టమైన ఆడియో భాష తెలుగు అని పెట్టండి. అయినా మారకపోతే ఫైలులో ట్రాక్‌కి భాష పేరు రాయలేదన్నమాట. ఎంకేవీ ఫైలైతే ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్రోగ్రాం హెడర్ ఎడిటర్‌లో ఆ ట్రాక్ భాషని తెలుగు చేసి సేవ్ చెయ్యండి. సినిమాని మళ్ళీ కన్వర్ట్ చెయ్యక్కర్లేదు. సబ్‌టైటిల్స్ పిచ్చి గుర్తులుగా వస్తే ఎస్‌ఆర్‌టీ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్షరాలు అక్కడ సరిగ్గా కనిపిస్తే యూటీఎఫ్-8లో సేవ్ చెయ్యండి. డబ్బాలుగా వస్తే తెలుగు ఫాంటు లేదు. నోటో శాన్స్ తెలుగు వేసి ప్లేయర్‌లో ఎంచుకోండి.

ఇక కరెంటు. వోల్టేజి పడి బాక్సు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే రూటరు, బాక్సు, డిస్కు మూడింటినీ చిన్న యూపీఎస్ మీద పెట్టండి. పిడుగుకి మాత్రం స్టెబిలైజర్ అడ్డుపడదు. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవక ముందే ప్లగ్గుతో పాటు డిష్ వైరు, ల్యాన్ వైరు కూడా పీకండి. ఆ రెండిటి గుండా వచ్చిన దెబ్బ సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ దాటి టీవీ బోర్డు దాకా పోతుంది.