ఆటిజం ఉన్న టీనేజ్ పిల్లలకు మనసు బాగోలేనప్పుడు ఆ ఇంటికి తోడు నిలవడం ఎలా?

మా అక్క కొడుక్కి ఆటిజం. కూకట్‌పల్లిలో వాళ్ల బాల్కనీ నుంచి మెయిన్ రోడ్డు కనిపిస్తుంది. స్కూల్ నుంచి రాగానే కుర్చీ వేసుకుని, వచ్చే పోయే బస్సుల నంబర్లు నోట్‌బుక్‌లో రాసుకోవడం వాడి పని. 218, 219, పక్కన టైము. అలాంటి పుస్తకాలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. పదిహేనో ఏట ఒకరోజు రాయడం మానేశాడు. కుర్చీ బాల్కనీలోనే ఉంది, వాడు మాత్రం గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. చుట్టాలంతా "పోనీలే, అల్లరి తగ్గింది, బుద్ధిగా ఉంటున్నాడు" అన్నారు. నేనూ అన్నాను. అది డిప్రెషన్ అని తేలడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ అక్కకి మేమెవరం అక్కరకు రాలేదు. ఆ తర్వాత నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీరు మేనమామ అయినా, పిన్ని అయినా, పక్కింటివాళ్లయినా పనికొస్తాయి.

1. ఆటిజం వేరు, మానసిక జబ్బు వేరు

ముందు ఇది మనసుకు ఎక్కాలి. ఆటిజం అంటే మెదడు పనిచేసే తీరే పుట్టుకతో వేరుగా ఉండటం, మందులతో తగ్గించేది కాదు. డిప్రెషన్ (కుంగుబాటు), యాంగ్జైటీ (విపరీతమైన ఆందోళన), ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం) లాంటివి దాని మీద వచ్చిపడే జబ్బులు, వాటికి వైద్యం ఉంది. ఆటిజం ఉన్నవాళ్లలో ఇవి మిగతావాళ్లలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే, ఏ మార్పు వచ్చినా "ఆటిజం కదా, అంతే" అనేస్తారు. ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి డాక్టర్లూ అలాగే అనుకుంటారు.

పిల్లాణ్ణి వేరే పిల్లలతో పోల్చకండి. ఆరు నెలల కిందట వాడు ఎలా ఉన్నాడో దానితో పోల్చండి. నిద్ర మారిందా? తినే నాలుగు రకాల్లో రెండు వదిలేశాడా? ప్రాణం పెట్టే ఇష్టమైన పని మానేశాడా? చేతులు కొరుక్కోవడం, తల గోడకేసి కొట్టుకోవడం కొత్తగా మొదలైందా, ఎక్కువైందా? స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి వచ్చిన పనులు మర్చిపోతున్నాడా? వీటిలో ఏది కనిపించినా అమ్మానాన్నలకు మెల్లగా చెప్పండి. రోజూ చూసేవాళ్ల కంటే నెలకోసారి వచ్చేవాళ్లకే మార్పు ముందు కనిపిస్తుంది.

"ఎలా ఉన్నావురా?" అంటే జవాబు రాకపోవచ్చు. లోపల కలిగేదానికి పేరు పెట్టడం వీళ్లలో చాలామందికి కష్టం. మావాడు ఒకసారి "కడుపులో బస్సు ఆగిపోయింది" అన్నాడు. అరగలేదేమో అని వాము నీళ్లు తాగించాం.

ఇంకొకటి చాలామందికి తెలియదు. టీనేజ్‌లో కొందరు క్రమంగా నెమ్మదించిపోతారు. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోతుంది, గడప దగ్గర నిలబడిపోతారు, ఎవరైనా చెయ్యి తాకితే గానీ కదలరు. దీన్ని కేటటోనియా అంటారు. మొండితనం అనుకుని కేకలేయకండి. దీనికి వైద్యం ఉంది. తిండీ నీళ్లూ మానేసే దాకా వస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

2. ఒంట్లో నొప్పి ఉందేమో ముందు చూపించమనండి

ఉన్నట్టుండి కోపం, కొట్టడం, ఏడుపు మొదలైతే మనసు గురించి ఆలోచించే ముందే పళ్లు, చెవులు, మలబద్ధకం, ఆడపిల్లలైతే నెలసరి నొప్పి చూపించాలి. నొప్పి అని చెప్పలేని పిల్లలు దాన్ని ఇలాగే చెబుతారు. ఆటిజం ఉన్న కొందరికి ఈ వయసులో ఫిట్స్ కూడా మొదలవుతాయి. కాసేపు చూపు నిలిచిపోవడం లాంటివి కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించాలి.

3. ఈ మాటలు అనకండి

"దిష్టి తగిలింది." "పెంపకంలో తేడా." "ఆ ఫోన్ లాక్కుంటే అన్నీ అవే కుదురుకుంటాయి." "మా ఊళ్లో ఒకాయన ఆకు మందు ఇస్తాడు." మా అక్క ఇవన్నీ విన్నది. ఒక పెళ్లిలో పెద్దావిడ ఒకరు "ఏ జన్మలో చేసుకున్నదో" అన్న రోజు నుంచి రెండేళ్లు ఏ ఫంక్షన్‌కీ రాలేదు. ఆ మాట అన్నప్పుడు పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ ముందు ఎవరైనా అలా అంటే అక్కడే ఆపండి. తల్లి తనంతట తాను జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి రానివ్వకండి.

ఆటిజాన్ని నయం చేస్తామంటూ లక్షలు తీసుకునే స్టెమ్ సెల్ (మూలకణాల) థెరపీల వాట్సాప్ మెసేజ్‌లు పంపకండి. అది నయం చేస్తుందని రుజువు లేదు. ఆశ చంపుకోలేక ఉన్న పొలం అమ్ముకునేవాళ్లు ఉంటారు.

మరి ఏమనాలి? "రాత్రి నిద్రపోయావా అక్కా?" అని అడిగి ఊరుకోండి. చెప్పేది చివరిదాకా వినండి.

4. ఒక పనిని మీ పేరున రాసుకోండి

"ఏదైనా కావాలంటే చెప్పు" అని అందరూ అంటారు. రాత్రంతా మేలుకున్న మనిషికి ఏం కావాలో ఆలోచించుకుని అడిగే ఓపిక ఉండదు. అందుకే పని, రోజు మీరే చెప్పండి. నేను బుధవారం సాయంత్రం కేరియర్ తీసుకున్నాను. పప్పు, ఒక వేపుడు, పెరుగు. వాడు పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు, పళ్లెంలో ఒకటి ఇంకోదానికి తగలకూడదు, కాబట్టి వాడి పెరుగు వేరే గిన్నెలో. కాలింగ్ బెల్ మోతకి వాడు చెవులు మూసుకుంటాడని బెల్ కొట్టను. గుమ్మం ముందు పెట్టి అక్కకి మెసేజ్ పెట్టి వచ్చేస్తాను. లోపలికి పిలిస్తే వెళ్తాను, పిలవకపోతే నొచ్చుకోను.

అన్నిటికన్నా అవసరం పడేది ఆస్పత్రి రోజు. ఓపీ హాలు ఎలా ఉంటుందో తెలిసిందే. ఫ్యాన్ల మోత, ఫోన్లు, ఎవరో కేకలు. మొదటిసారి వాడు అక్కడ రెండు గంటలు కూర్చోలేక బెంచీ కింద దూరాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తుంటే మా బావ చేతులు వణికాయి. రెండోసారి నుంచి లైన్‌లో నేను నిలబడుతున్నాను. వాళ్లు బయట చెట్టు కింద కారులో అద్దాలు ఎత్తుకుని ఉంటారు. ఇంకో మూడు టోకెన్లు ఉన్నాయనగా ఫోన్ చేస్తాను. దీనికి చదువు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, ఒక పూట సెలవు చాలు.

వాడికో చెల్లెలు ఉంటే ఆ పిల్లనీ చూసుకోండి. ఇంట్లో అందరి కళ్లూ అన్న మీదే ఉంటాయి. ఆ పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేవాళ్లు ఉండరు. ఆదివారం బయటికి తీసుకెళ్లి, అన్న గురించి కాకుండా తన గురించే మాట్లాడనివ్వండి.

5. వైద్యం దగ్గర చేయగలిగింది

డాక్టర్ ముందు తల్లికి అన్నీ గుర్తుకు రావు. నిద్ర గంటలు, తిన్నది, అరిచిన సందర్భం, దానికి ముందు ఏం జరిగింది, ఇవన్నీ తేదీల వారీగా ఒక పుస్తకంలో రాయడానికి సాయపడండి. పిల్లల మానసిక వైద్యంలో అనుభవం ఉన్న సైకియాట్రిస్ట్ దొరికితే మేలు. ప్రభుత్వ వైద్యానికి హైదరాబాద్ ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో పిల్లలకీ టీనేజర్లకీ ప్రత్యేక విభాగమే ఉంది. ఎటు వెళ్లాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మందుల మీద తీర్పులు చెప్పకండి. "ఈ వయసులో నిద్రమాత్రలా?" అన్న ఒక్క మాటకి భయపడి కోర్సు ఆపేసినవాళ్లు ఉన్నారు. ఇవి చాలావరకు నిద్రమాత్రలు కావు, పని చూపించడానికి వారాలు పడుతుంది, ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరు టీనేజ్ పిల్లల్లో అలజడి, చావు ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి ఆ రోజుల్లో కనిపెట్టుకుని ఉండాలి, మార్పు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. మావాడు మూడో నెలలో మళ్లీ బాల్కనీలోకి వచ్చాడు. ఇప్పటికీ కొన్ని వారాలు రాస్తాడు, కొన్ని వారాలు రాయడు.

అడ్మిట్ చేయాల్సి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని పెద్దవాళ్ల నుంచి వేరుగా ఉంచాలి, తోడుగా ఒకరు మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. ఆ తోడు ఉన్నవాళ్లకి అన్నం ఎవరు తేవాలి, ఇంటి దగ్గర ఎవరు ఉండాలి అన్నది బంధువులు కూర్చుని పంచుకోవాల్సిన పని.

6. పరిస్థితి అదుపు తప్పితే

టీవీ, మిక్సీ, లైట్లు ఆపండి. గదిలో ఒక్కరే ఉండి మిగతావాళ్లు బయటికి రండి. మాటలు తక్కువ, గొంతు తగ్గించి. వాడికో ఎదుటివాళ్లకో దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే తప్ప పట్టుకోకండి. పదునైనవి పక్కకు తీసేయండి. పక్క ఫ్లాట్‌లో ఉండి అరుపులు వినిపిస్తే వాచ్‌మన్‌తో చెప్పి పంపకండి. మీరే వెళ్లి "నేనున్నాను, ఏం చేయమంటారు?" అని అడగండి. వీడియో తీసే పిల్లల్ని ఆపండి. 108కో 112కో ఫోన్ చేయాల్సి వస్తే మొదటి మాటగా "అబ్బాయికి ఆటిజం ఉంది, పెద్దగా మాట్లాడితే భయపడతాడు" అని చెప్పండి.

"నేను లేకపోతే బాగుంటుంది" లాంటి మాట ఎక్కడో విన్న డైలాగ్ అని కొట్టిపారేయకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, చిన్న మాటల్లో అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో మాత్రలు తాళం వేయించండి, పల్లెల్లో అయితే పురుగుమందు ఇంట్లోంచి తీసేయించండి. టెర్రస్ తలుపుకి తాళం ఉందో లేదో చూడండి. ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పోలీసు కేసు అవుతుందేమో అని దాచేవాళ్లున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకూడదని 2017 చట్టంలో 115వ సెక్షన్ చెబుతోంది.

7. కాగితాల పని

ఇది మీలో ఆఫీసుల చుట్టూ తిరిగే అలవాటున్న ఎవరైనా తీసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, కాబట్టి సదరం (వైకల్యం) సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కోసం దరఖాస్తు చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు వస్తుంది. పద్దెనిమిది నిండాక సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని పరిస్థితి ఉంటే, కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ ద్వారా తమను గార్డియన్‌గా (చట్టపరమైన సంరక్షకులుగా) నియమించమని తల్లిదండ్రులు అడగవచ్చు. పదిహేడో ఏటే దీని గురించి మాట్లాడండి.

8. రాకపోయినా పిలవండి

రారని తెలిసి పిలవడం మానేస్తాం. అదే వాళ్లకి ఎక్కువ గుచ్చుకుంటుంది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అక్కకి ముందే చెప్పాను: పైన ఒక గది ఖాళీగా ఉంచుతాం, మైకు అటు వినపడదు, వాడి పళ్లెం, గిన్నె తెచ్చుకో, పావుగంట ఉండి వెళ్లిపోయినా పర్లేదు. అక్క వచ్చింది. వాడు కారు దిగలేదు. బావ వాడి దగ్గర కూర్చుంటే అక్క లోపలికి వచ్చి అక్షింతలు వేసి, మొదటి పంక్తిలోనే కూర్చుని వేడిగా భోంచేసింది. తర్వాత నేను వెళ్లి కారులో వాడి పక్కన కూర్చున్నాను, బావ తినడానికి లోపలికి వెళ్లాడు.