అపార్ట్‌మెంట్‌కు ఆటోమేటిక్ ప్రవేశద్వారం పెట్టించుకోవడం ఎలా?

కిందటి ఉగాది నాడు మా అపార్ట్‌మెంట్ లాబీలోని ఆటోమేటిక్ గాజు తలుపు మూసుకోవడం మానేసింది. మూసుకోబోతూ సగంలోనే మళ్లీ వెనక్కి జారిపోయేది. మెకానిక్ వచ్చి మోటారును, బెల్టును పరీక్షించి, చివరకు తల పైకెత్తి చూస్తే, సెన్సార్‌కు జానెడు దూరంలో కట్టిన మామిడి తోరణం ఏసీ గాలికి ఊగుతూ కనిపించింది. కదలికను పసిగట్టే రాడార్‌కు ఆకైనా మనిషైనా ఒకటే. ఇలాంటి విషయాలను అసోసియేషన్ ముందుగానే ఆలోచించుకోవాలి. అన్నింటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది, బయటివారిని ఆపే తలుపు ఆపద సమయంలో లోపలివారిని ఆపకూడదని.

మొదట లాబీకి ఏసీ ఉందో లేదో చూసుకోండి. ఏసీ లేని లాబీలో ఈ తలుపు వల్ల ఆదా అయ్యే కరెంటు ఏమీ ఉండదు, పైగా మోటారు కొంత వాడుకుంటుంది. ఏసీ ఉంటే, తలుపు తెరిచి ఉండే వ్యవధిని వృద్ధులు నింపాదిగా దాటగలిగినంత వరకే ఉంచి, రెక్కల అంచులకు సందుల్లోంచి గాలి పోకుండా ఆపే బ్రష్ సీళ్లు వేయించాలి. స్థలం ఉన్నచోట ఒకదాని వెనుక ఒకటిగా రెండు తలుపులు పెట్టి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకునేలా చేస్తే చల్లదనం బాగా నిలుస్తుంది.

తరువాత కొలతలు. జారుడు తలుపు తెరుచుకున్నప్పుడు రెక్క నిలవడానికి పక్కన దాదాపు దాని వెడల్పంత గోడ కావాలి. ఆ చోటు లేని పాత భవనాల్లో, ఇప్పుడున్న తలుపుకే మోటారు అమర్చి, మామూలు తలుపులా కీళ్లపై తెరుచుకునేలా ఉంచుకోవడం మేలు. చక్రాల కుర్చీ వెళ్లాలంటే అడ్డు లేని వెడల్పు కనీసం 900 మిల్లీమీటర్లు ఉండాలి, గడప ఎత్తుగా ఉండకూడదు. గాజు విషయంలో మాత్రం రాజీ పడవద్దు. వేడిచేసి గట్టిపరచిన టఫెన్డ్ గాజు అంచున గట్టి దెబ్బ తగిలితే మొత్తంగా పలుకులై రాలిపోతుంది. మధ్యలో పొర ఉన్న లామినేటెడ్ గాజు పగిలినా చట్రంలోనే నిలుస్తుంది కనుక భద్రతకు అదే సరైనది.

లోపలికి రావడానికి, బయటికి వెళ్లడానికి ఒకే పద్ధతి పెట్టవద్దు. బయటివైపు రాడార్ అసలు వద్దు. కార్డుతోనో వేలిముద్రతోనో, ఫ్లాటులోని వారు వీడియో డోర్‌ఫోన్‌లో చూసి అనుమతిస్తేనో తలుపు తెరుచుకోవాలి. లోపలివైపు రాడార్ ఉండవచ్చు, కానీ రెక్కల సందులోంచి కాగితం తోసి ఆడిస్తే అది మోసపోయే అవకాశం ఉంది. అందుకే రాత్రి వేళ దానిని ఆపి, బయటికి వెళ్లేవారు బటన్ నొక్కేలా అమర్చుకోవడం మంచిది. తలుపు దారిలో మనిషి నిలబడితే గుర్తించే ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు మాత్రం రాత్రింబవళ్లు పనిచేయాలి.

ఇక అసలు విషయం కరెంటు. అయస్కాంత తాళం విద్యుత్తు ఆగగానే విడిపోతుంది, మోటారు తాళాల్లో కొన్ని బిగుసుకునే ఉంటాయి. కరెంటు పోయినా కొంతసేపు నడిచే బ్యాటరీ, అది కూడా అయిపోతే లోపలి నుంచి చేత్తో తోసి తెరిచే వీలు, అగ్నిప్రమాద హెచ్చరిక మోగగానే తాళం విడిపోయే అనుసంధానం, ఈ మూడూ ఒప్పందంలో రాయించుకోండి. రెండు తలుపుల ఏర్పాటు ఉంటే రెండూ ఒకేసారి విడిపోవాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం నిష్క్రమణ ద్వారానికి సాధారణంగా కనీసం 1000 మిల్లీమీటర్ల వెడల్పు, 2000 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. మెట్ల దారిలో మంటను, పొగను ఆపే ఫైర్ డోర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఈ గాజు తలుపుతో మార్చకండి.

పని పూర్తయ్యాక, చివరి వాయిదా చెల్లించే ముందు మీరే పరీక్షించండి. తలుపు దారిలో ఒక సూట్‌కేసు పెట్టి చూడండి, చేతికర్రతో నడిచే పెద్దవారిని నెమ్మదిగా దాటమనండి, గడప మధ్యలో అర నిమిషం కదలకుండా నిలబడండి. ఆపై మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ తీగ కూడా మెకానిక్ చేత తీయించి, లోపలి నుంచి తోయండి. తెరుచుకోకపోతే డబ్బు ఇవ్వవద్దు.

వాడకంలో ఎక్కువ ఇబ్బంది కింది గాడితోనే వస్తుంది. ముగ్గుపిండి, ఇసుక అందులో చేరి, గుమ్మం కడిగిన నీళ్లతో కలిసి గట్టిపడతాయి. అందువల్ల నీళ్లు పోసే ముందే పొడి బ్రష్‌తో గాడిని ఊడవమని పనివారికి చెప్పండి. తోరణాన్ని సెన్సార్‌కు దూరంగా, బయటి గోడ చట్రానికి కట్టుకోండి.